గవ్వ – దాని జీవితము, దాని విలువ

ఉపోద్ఘాతము

చేతిలో డబ్బు లేనివాడు తెలుగున “నాకడ చిల్లిగవ్వ లేదు” అనును. అదే సంగతిని ఉర్దూ మాట్లాడువాడు “ఫూటీ కౌడీ భీ నహీఁ” అనును. పగిలిన గవ్వయైనను లేదని దాని భావము. కొరగాని మనిషిని మనము “గవ్వకు కొరగాడు” అందుము. వారు “దో కౌడీ కా ఆద్మీ” అందురు. కారుచౌకగా అమ్ముడుపోయిన వస్తువును ఉర్దూలో “కౌడియోఁ కే మోల్” పోయినదందురు. ఒకే కళాశాలలో, ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను రెండు భాషలవారు, ఒకరి నుండి ఒకరు నేర్వకయే, పేదరికమును ఒకే వస్తువుతో కొలుచుచున్నారు. అది ఎక్కడిదో సముద్రములో బ్రతుకు ఒక చిన్న నత్త యొక్క గుల్ల!

గవ్వలో ఒకనాడు ఒక జీవి ఉండెనని మనలో ఎందరు తలచెదరు? అష్టాచెమ్మా ఆడునప్పుడు అరచేతిలో గలగలలాడించి విసరుదుమే గాని, దాని నోరు ఏల అంత సన్నముగా ఉన్నది, దాని వీపు ఏల అంత నున్నగా ఉన్నది అని అడుగము. అంతకంటె పెద్ద ప్రశ్న మరియొకటి కలదు. అల్పమునకు పర్యాయపదమైన ఈ గవ్వ, కొన్ని వందల ఏండ్లు సగము ప్రపంచమున నాణెముగా ఎట్లు చెల్లినది? ఆ నాణెముతో ఏమేమి కొనబడినవి? ఈ వ్యాసమున ముందుగా ఆ జీవిని గూర్చియు, పిమ్మట ఆ నాణెమును గూర్చియు తెలిసికొందము.

పేరు, వర్గీకరణము

గవ్వలలో అనేక జాతులు కలవు. వాటిలో నాణెముగా చెలామణి అయిన జాతి యొక్క శాస్త్రనామము మొనిటేరియా మొనీటా. 1758లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తన ‘సిస్టమా నాచురే’ పదవ కూర్పున దీనిని సిప్రియా మొనీటా అని పేర్కొనెను. పిమ్మట ఈ జాతిని మొనిటేరియా అను వేరు ప్రజాతిలో చేర్చిరి. ప్రాచీన రోము నగరమున జూనో మొనీటా అను దేవత ఆలయము వద్ద టంకశాల ఉండెడిది. ఆమె పేరు నుండియే ఆంగ్లమున ధనమును తెలుపు ‘మనీ’, టంకశాలను తెలుపు ‘మింట్’ అను మాటలు పుట్టినవి. కనుక ఈ జీవి పేరులోనే దాని చరిత్ర ఇమిడియున్నది.

ఇది మొలస్కా వర్గమున, గాస్ట్రోపోడా తరగతిలో, సిప్రియిడే కుటుంబమునకు చెందినది. అనగా మన పొలములలోని నత్తకును, పూజామందిరములోని శంఖమునకును ఇది దూరపు బంధువు. సంస్కృతమున దీనిని కపర్దకమనియు, వరాటకమనియు అందురు. కపర్ద శబ్దము నుండియే హిందీ, ఉర్దూలలోని కౌడీ వచ్చినది; ఆ కౌడీ నుండియే ఆంగ్లేయుల ‘కౌరీ’ వచ్చినది. అరబ్బులు దీనిని వదా అనిరి. మాల్దీవుల వారు బోలి అందురు.

మరియొక చిత్రము. ఇటలీ దేశస్థులు గవ్వను పోర్చెల్లానా అనెడివారు. చీనా దేశపు పింగాణి పాత్రల నునుపు, మెరుపు గవ్వను పోలియుండుటచే వాటికిని ఆ పేరే పెట్టిరి. పింగాణికి ఆంగ్లమున గల ‘పోర్సిలేన్’ అను పేరు ఆ విధముగా గవ్వ నుండి వచ్చినదే.

దేహ నిర్మాణము

ఈ గవ్వ సాధారణముగా 1 సెంటీమీటరు నుండి 3 సెంటీమీటర్ల వరకు పొడవుండును. రంగు తెలుపు మొదలు లేత పసుపు వరకు. ఇది కోడిగ్రుడ్డు వలె గుండ్రనిది కాదు. కొంచెము చదునై, అంచుల వెంట బొడిపెలతో, ఒక ప్రక్క వెడల్పుగా ఉండును. అడుగు భాగమున పొడవునా ఒక సన్నని చీలిక కలదు. దాని రెండు పెదవులకును పండ్ల వంటి గాట్లు ఉండును. ఇదే గవ్వ నోరు. దీనికి దగ్గర చుట్టమైన మొనిటేరియా అన్యులస్ అను జాతికి వీపు మీద నారింజ రంగు వలయము ఉండును. ఆ గుర్తును బట్టి ఈ రెంటిని వేరుపరుపవచ్చును.

నత్తకు గుల్లలోపల మెలికలు ఉండునని మనము చదివియున్నాము. మరి గవ్వలో మెలిక ఎక్కడ? పిల్ల గవ్వను చూచినచో సందేహము తీరును. చిన్నతనమున దాని గుల్ల పలుచగా, నోరు వెడల్పుగా, కొన యందు మెలికతో తక్కిన నత్తల గుల్లను పోలియే ఉండును. వయసు వచ్చునప్పటికి చివరి చుట్టు పెరిగి తొలి చుట్టులను కప్పివేయును. వెలుపలి పెదవి లోపలికి ముడుచుకొనును, దానికి పండ్లు ఏర్పడును. అటుపిమ్మట గవ్వ పొడవు పెరుగుట ఆగిపోవును. గుల్ల మందమగుట మాత్రము సాగును. కనుక చిన్న గవ్వను చూచి పిల్ల అనియు, పెద్ద గవ్వను చూచి ముసలిది అనియు అనరాదు. నోటి అంచున పండ్లు ఉన్నచో, ఎంత చిన్నదైనను అది పెద్దదే.

పెరుగుట ఆగిన గుల్లలో జీవికి చోటు చాలవలె గదా? అందుకు ఈ జీవి లోపలి గోడలను తానే కరగించి పలుచన చేసికొనును. ఇల్లు పెంచుటకు వీలులేని గృహస్థు లోపలి అడ్డుగోడలను తీసివేసికొన్నట్లు!

ఇక దాని మెరుపు. సాధారణముగా సముద్రపు గుల్లలు అలల తాకిడికి గీతలుపడి, నాచు పట్టి మాసిపోవును. గవ్వ మాత్రము అద్దము వలె మెరయుచుండును. దీనికి కారణము ప్రావారము అను మెత్తని కండపొర. జీవి తిరుగాడునప్పుడు ఈ పొర రెండు ప్రక్కల నుండి పైకి వచ్చి గుల్లను శాలువ వలె కప్పివేయును. ఆ పొరయే గుల్లపై మెరుగును పూయుచు, నాచును పట్టనీయకుండ కాపాడును. కొంచెము అలికిడి అయినచో పొర చీలికలోనికి పోవును; తళతళలాడు గుల్ల బయటపడును. అనగా బ్రతికియున్న గవ్వను చూచువానికి తరచుగా కనబడునది మచ్చలతో, చిన్న చిన్న మొనలతో కూడిన కండపొర మాత్రమే. మనము మెచ్చుకొను అందము దాని చాటున దాగియుండును.

అనేక సముద్రపు నత్తలకు నోరు మూసికొనుటకు ఒక మూత ఉండును. పెరిగిన గవ్వకు అట్టి మూత లేదు. సన్నని చీలికయు, దాని పండ్లును మూత పనిని నెరవేర్చును.

జీవిత విధానము

తూర్పు ఆఫ్రికా తీరము, ఎర్ర సముద్రము మొదలుకొని, హిందూ మహాసముద్రము మీదుగా పసిఫిక్ దీవుల వరకు గల వెచ్చని నీళ్లు దీని నివాసము. పోటు పాటుల నడుమ నీరు నిలుచు మడుగులలో, పగడపు దిబ్బల మీద, రాళ్ల క్రింద, సముద్రపు నాచు నడుమ ఇది బ్రతుకును. పగటివేళ రాళ్ల సందులలో దాగి, చీకటి పడిన పిమ్మట మేతకు బయలుదేరుట గవ్వల స్వభావము. శైవలములు, కుళ్లిన సేంద్రియ పదార్థము దీని ఆహారము. నోటిలో రాడ్యులా అను ఆకురాయి వంటి పట్టీ కలదు. దానిపై వరుసకు ఏడేసి పండ్లు ఉండును. ఆ పట్టీతో రాతి మీది నాచును గీకి తినును. మొప్పతో గాలి పీల్చును.

గవ్వలలో ఆడ మగ వేరువేరు. ఆడ గవ్వ గ్రుడ్లను చిన్న చిన్న సంచులలో పెట్టును. గవ్వలలో అనేక జాతుల తల్లులు ఆ గ్రుడ్ల గుంపును తమ పాదముతో కప్పి, పిల్లలు వెలువడు వరకు కాచుకొనియుండును. గ్రుడ్డు నుండి వెలువడిన డింభకము నీటిలో ఈదుచు, ప్రవాహములతో కొట్టుకొనిపోయి, తగినచోట అడుగున దిగి గవ్వగా మారును. ఇంత చిన్న జీవి ఇంత విశాలమైన సముద్రమంతట వ్యాపించుటకు ఈ ఈదు దశయే కారణము. పీతలు, చేపలు, అష్టపాదులు దీని శత్రువులు. అన్నిటికంటె పెద్ద శత్రువు మానవుడే.

గవ్వల దీవులు

లక్షద్వీపములలోను, మన్నారు సింధుశాఖలోను, అండమానులలోను ఈ గవ్వ దొరకును. మన ఆంధ్ర తీరమున ఇసుక, ఒండ్రు మెండు. పగడపు దీవులు లేవు. కాని ప్రపంచమునకు గవ్వలను సరఫరా చేసిన గని మాల్దీవులు. ఈ సంగతిని మనకు వ్రాసి యుంచినవారిలో అరబ్బు యాత్రికులు ముఖ్యులు. పదవ శతాబ్దమున అల్ మసూదీ ఆ దీవుల రాణిని గూర్చి చెప్పుచు, ఆమెకు గవ్వలు తప్ప వేరు ధనము లేదనియు, ఖజానా తరిగినప్పుడు కొబ్బరి మట్టలను ఆకులతో సహా నరికి నీటిపై వేయించుననియు, జీవులు వాటిని పట్టుకొని ఎక్కగా ఒడ్డుకు లాగి ఇసుకలో ఎండబెట్టించుననియు వ్రాసెను. పదకొండవ శతాబ్దమున అల్ బీరూనీ ఈ సముద్రపు దీవులను వాటి సరకును బట్టి రెండుగా పేర్కొనెను. ఒకటి గవ్వల దీవులు, రెండవది కొబ్బరి పీచు త్రాళ్ల దీవులు.

1343లో మాల్దీవులు చేరి, అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా మరింత వివరముగా వ్రాసెను. గవ్వలను సముద్రము నుండి ఏరి ఒడ్డున గుంటలలో వేయుదురు. మాంసము క్రుళ్లిపోయి తెల్లని గుల్ల మిగులును. నూరు గవ్వలకు ఒక పేరు, 700కు ఒక పేరు, 12,000కు ఒక పేరు, లక్షకు ఒక పేరు కలవు. నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారు వచ్చును. వెల పడినప్పుడు అదే దీనారునకు ఇంకను ఎన్నో లక్షలు పోయవలసి వచ్చెడిది. బంగాళమునకు గవ్వలు పంపి బియ్యము తెచ్చుకొందురు.

ఈ చివరి వాక్యమును గమనింపవలయును. పగడపు దీవులలో వరి పండదు. కావున మాల్దీవుల స్త్రీ పురుషులకు మోకాలిలోతు నీటిలో ఏరిన గవ్వ అనగా ఆ పూట అన్నము. బంగాళములో అదే గవ్వ నాణెము. ఒకచోట ఆహారమునకు మార్గము, మరొకచోట ధనము.

నాణెమునకు కావలసిన గుణములు

గవ్వ నాణెమగుటకు కారణము కేవలము దాని అందము కాదు. నాణెమునకు కావలసిన గుణములను అర్థశాస్త్రమున చదువుకొన్నవారు గవ్వతో పోల్చి చూడవచ్చును.

ఒకటి, మన్నిక. ధాన్యము పురుగుపట్టును, ఇనుము త్రుప్పుపట్టును. గవ్వ తరములు మారినను చెడదు. రెండు, పోలిక. ఒక్కొక్క గవ్వ సుమారు ఒక గ్రాము బరువుతో ఇంచుమించు ఒకే తీరున ఉండును. లెక్కపెట్టవచ్చును, తూచవచ్చును, కొలమానముతో కొలువవచ్చును. మూడు, నకిలీకి వీలులేమి. వెండిలో రాగి కలుపవచ్చును గాని, గవ్వను చేయుట ఏ కంసాలికిని సాధ్యము కాదు. నాలుగు, అల్పమైన విలువ. వెండి నాణెముతో గుప్పెడు ఉప్పు గాని, రెండు తమలపాకులు గాని కొనుట ఎట్లు? సంతలో పేదవాని చిల్లర అవసరమును తీర్చినది గవ్వ. అయిదు, దూరము. అది దొరకు చోటికిని చెల్లు చోటికిని నడుమ సముద్రము ఉండుటయే దాని విలువను కాపాడినది. ఇంటి ముందర ఏరుకొనగల వస్తువు నాణెము కాజాలదు.

చీనా దేశమున గవ్వ మరింత ప్రాచీనమైనది. 1976లో ఆన్‌యాంగ్ వద్ద త్రవ్వకములలో బయటపడిన ఫూ హావో రాణి సమాధిలో ఆరువేలకు పైగా గవ్వలు దొరకినవి. ఆమె క్రీస్తుకు పూర్వము సుమారు 1200 నాటిది. నేటికిని చీనా లిపిలో కొనుట, అమ్ముట, సంపద మొదలగు భావముల అక్షరములు గవ్వను సూచించు గుర్తుతోనే సంప్రదాయముగా వ్రాయబడుచున్నవి.

లీలావతి నుండి సిల్హెట్ వరకు

మన దేశమున గవ్వ లెక్క ఎట్లుండెను? సుమారు 1150లో భాస్కరాచార్యుడు రచించిన ‘లీలావతి’ గణిత గ్రంథము ఆరంభముననే నాణెముల కొలతలు ఈ విధముగా కలవు.

20 వరాటకములు (గవ్వలు) – 1 కాకిణి
4 కాకిణులు – 1 పణము
16 పణములు – 1 ద్రమ్మము
16 ద్రమ్మములు – 1 నిష్కము

గుణించి చూచినచో పణమునకు 80 గవ్వలు, ద్రమ్మమునకు 1,280 గవ్వలు, నిష్కమునకు 20,480 గవ్వలు అగును. ఈ గ్రంథమునే 1587లో అక్బరు ఆజ్ఞపై కవి ఫైజీ పారసీక భాషలోనికి అనువదించెను. సంస్కృత పండితుని గవ్వల లెక్క పారసీకము చదివిన మొగలు ముత్సద్దుల చేతికి ఆ విధముగా అందినది.

ఇప్పుడు ఆరు వందల ఏండ్లు దాటి బంగాళమునకు పోదము. అక్కడ 4 గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణ్, 16 పణ్‌లు ఒక కాహన్, 4 కాహన్‌లు ఒక రూపాయి. లెక్క వేసినచో కాహన్‌కు సరిగా 1,280 గవ్వలు! భాస్కరుని ద్రమ్మమునకు ఎన్నియో, బంగాళపు కాహన్‌కును అన్నియే. రాజ్యములు మారినవి, మతములు మారినవి, పేర్లు మారినవి. సంతలోని లెక్క మారలేదు.

1778 నుండి సిల్హెట్ ప్రాంతమున ఈస్టిండియా కంపెనీ తరఫున రాబర్ట్ లిండ్సే అను అధికారి ఉండెను. అక్కడి శిస్తు సుమారు రెండున్నర లక్షల రూపాయలు. అది గవ్వల రూపముననే వచ్చెడిది. రూపాయికి 5,120 గవ్వలు. విద్యార్థులు స్వయముగా గుణించి చూడవచ్చును. రెండున్నర లక్షల రూపాయలకు 128 కోట్ల గవ్వలు! తులము బరువుండు ఒక వెండి రూపాయికి మారుగా అయిదు కిలోగ్రాములకు పైగా గవ్వలు. వాటిని నిలువచేయుటకు గిడ్డంగులు, ఢాకాకు చేరవేయుటకు పడవల వరుసలు కావలసివచ్చెను. గుల్ల మోయుట అధికారికి ఎంత భారమో, ఆ గుల్లయే నాణెముగా గల రైతు ఎంత పేదవాడో ఈ ఒక్క లెక్క చెప్పుచున్నది.

ఒకే గవ్వ, రెండు వెలలు

తిరిగి ఇబ్న్ బతూతా వద్దకు పోదము. మాల్దీవులలో దీనారునకు నాలుగు లక్షల గవ్వలను చూచిన ఆ యాత్రికుడే, కొన్ని ఏండ్ల పిమ్మట సహారా ఎడారి దాటి పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజ్యమునకు పోయెను. అక్కడను అవే గవ్వలు చెల్లుచుండెను. కాని ఒక దీనారునకు 1,150 గవ్వలు మాత్రమే! అనగా మాల్దీవులలోని వెలకు అది దాదాపు 350 రెట్లు.

ఈ వ్యత్యాసము ఎందులకు? గవ్వలో మార్పు లేదు. మార్పు దూరములో ఉన్నది. ఓడ, ఒంటె, వర్తకుడు, సుంకము, ఎడారి – వీటన్నిటి వెల ఆ చిన్న గుల్లపైకి ఎక్కినది. వస్తువు విలువ వస్తువులో ఉండదు. అది దొరకుటకును కావలసివచ్చుటకును నడుమ ఉండునని చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. కాని ఈ వ్యత్యాసమే తరువాతి శతాబ్దములలో ఘోరమునకు దారితీసినది.

గవ్వలతో కొన్న మనుషులు

ఫ్రాన్సు దేశస్థుడు పిరార్ ద లవాల్ 1602లో ఓడ పగిలి మాల్దీవులలో చిక్కుకొని, 1607 వరకు అక్కడనే ఉండెను. బంగాళమునకు ఏటేట ఓడల కొలది గవ్వలు పోవుట తాను చూచినట్లు అతడు వ్రాసెను. ఐరోపా వర్తకులు ఈ లాభమును కనిపెట్టిరి. ముందు పోర్చుగీసువారు, పిమ్మట డచ్చివారు, ఆంగ్లేయులు గవ్వలను హిందూదేశము, సింహళముల నుండి తమ ఓడలలో తీసికొనిపోయిరి. ఓడ నిలకడకై అడుగున ఇసుక, రాళ్లు వేయుదురు గదా. ఆ స్థానమున గవ్వలు వేసిరి. అందుచే రవాణా ఖర్చు స్వల్పము. ఆమ్‌స్టర్‌డామ్, లండన్ నగరములలో వాటిని వేలము వేసిరి. అక్కడ కొన్నవారు వాటిని పశ్చిమ ఆఫ్రికా తీరమునకు తీసికొనిపోయి, మనుషులను కొనిరి.

చరిత్రకారులు ఓడల లెక్కలను పరిశీలించి, 1700 నుండి 1790 వరకు డచ్చివారు, ఆంగ్లేయులు పశ్చిమ ఆఫ్రికాకు తరలించిన గవ్వలు పదకొండు వేల టన్నులకు పైబడినవని తేల్చిరి. అనగా వెయ్యి కోట్లకు మించిన గవ్వలు. పదునెనిమిదవ శతాబ్దమున ఆ తీరమున ఒక మనిషి వెల పదుల వేల గవ్వల నుండి లక్షకు పైగా పెరిగెను. మాల్దీవుల గవ్వలు చిన్నవగుటచే వర్తకులకు మరింత ప్రియము. ఏలయనగా రవాణా ఖర్చు బరువును బట్టి. చెల్లుబాటు లెక్కను బట్టి.

మాల్దీవుల స్త్రీ తన బిడ్డల అన్నమునకై గవ్వను ఏరినది. ఆమె చేతి గవ్వ ఎన్నో చేతులు మారి, ఆఫ్రికాలో మరియొక తల్లి బిడ్డకు వెలగా మారినది. ఆ తల్లుల ఇద్దరిలో ఒకరికొకరు తెలియరు. నడుమ నున్న వర్తకునికి మాత్రము రెండు చివరలును తెలియును. ధనమునకు మాటలు రావు. అది ఎక్కడి నుండి వచ్చినదో చెప్పదు, ఎక్కడికి పోవునో అడుగదు. కావున దానిని చేతపట్టినవాడే ఆ రెండు ప్రశ్నలను వేసికొనవలయును. ఈ వ్యాసమున విద్యార్థులు ఒక్క సంగతిని మాత్రమే జ్ఞాపకముంచుకొనదలచినచో, దీనినే జ్ఞాపకముంచుకొనవలెనని నా కోరిక.

నాణెము పతనము

1807లో బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారమును నిషేధించెను. అయినను గవ్వ చెలామణి ఆగలేదు. తాటి నూనె వ్యాపారమునకు అది పనికివచ్చెను. పందొమ్మిదవ శతాబ్దము నడుమ జర్మను వర్తకులు తూర్పు ఆఫ్రికాలోని జాంజిబారు వద్ద విస్తారముగా దొరకు వలయపు గవ్వలను ఓడల కొలది పశ్చిమ ఆఫ్రికాకు తరలించిరి. సరుకు పెరుగకుండ నాణెము పెరిగినచో ఏమగునో మనకు తెలిసినదే. గవ్వ విలువ దిగజారెను. తరతరములుగా కుండలలో దాచుకొన్న గవ్వలు మట్టిపాలయ్యెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో వలస ప్రభుత్వముల నాణెములు గవ్వను త్రోసివేసినవి.

మన పొరుగున ఒరిస్సాలో ఈ పతనము మరింత బాధాకరముగా జరిగెను. అక్కడి రైతుల నాణెము గవ్వయే. కంపెనీ ప్రభుత్వము గవ్వలను త్రోసిపుచ్చి, శిస్తును వెండి రూపాయలలో చెల్లింపుమనెను. రైతు పంట అమ్మునది గవ్వలకు. శిస్తు కట్టవలసినది వెండితో. నడుమ నున్న షరాబు చెప్పినదే మారకము. 1817లో ఖుర్దా ప్రాంతమున బక్షి జగబంధు నాయకత్వమున చెలరేగిన పైకా తిరుగుబాటునకు గల కారణములలో, పైకుల ఇనాము భూములను లాగికొనుట, ఉప్పు ధర పెంచుట అనువాటితో పాటు, ఈ గవ్వల రద్దును గూడ చరిత్రకారులు పేర్కొందురు. పై అధికారికి అది కాగితము మీది ఒక ఉత్తర్వు. పేదవానికి అది మొలలోని మూట ఒక్కసారి గులకరాళ్లగుట.

గవ్వ పేరు మాత్రము పూర్తిగా చెరిగిపోలేదు. స్వతంత్ర ఘనా దేశము 1965లో తన నాణెమునకు ‘సీడీ’ అని పేరు పెట్టినది. అకాన్ భాషలో గవ్వకు గల పేరు నుండి అది వచ్చినది. ఒకనాడు తమ ప్రజలను కొన్న గుల్ల పేరునే స్వాతంత్ర్యపు నాణెమునకు పెట్టుకొనుటలో ఎంత ఆత్మగౌరవము కలదో ఆలోచింపుడు.

మన ఇండ్లలో గవ్వ

తెలుగువారి ఇండ్లలో గవ్వ నాణెముగా పోయినను, ఆటగాను, వంటగాను నిలిచినది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలను విసరుదుము. వెల్లకిల పడిన గవ్వలను లెక్కింతుము; నాలుగును వెల్లకిల పడినచో చెమ్మా, నాలుగును బోర్ల పడినచో అష్టా. పచ్చీసు ఆటకును గవ్వలే ఆధారము. ఉర్దూ, హిందీలలో ఇరువదియైదును తెలుపు మాటయే ఆ ఆటకు పేరైనది. పండుగలకు అమ్మలు పిండి ముద్దను గవ్వల పీటపై అదిమి దొర్లించి, నూనెలో వేచి, బెల్లపు పాకము పట్టు ‘గవ్వలు’ మన పిల్లలకు ప్రీతిపాత్రములు. సముద్రమును ఎన్నడును చూడని పల్లెలో గూడ గవ్వ ఆకారము తెలియని ఇల్లాలు అరుదు. పశువుల మెడపట్టెలకు, ఎద్దుల అలంకారమునకు, లంబాడీ స్త్రీల దుస్తులకు గవ్వలు కుట్టుట మనము చూచుచునే యున్నాము.

నేటి స్థితి

నాణెపు పని తప్పినను గవ్వకు కష్టములు తప్పలేదు. అలంకార వస్తువులకై దానిని నేటికిని ఏరుచున్నారు. సముద్రపు నీరు వేడెక్కుటచే 1998లోను, 2016లోను మాల్దీవుల పగడపు దిబ్బలు విస్తారముగా తెల్లబారి చనిపోయినవి. ఆ దిబ్బలే గవ్వల నివాసము. గాలిలో పెరుగుచున్న బొగ్గుపులుసు వాయువు సముద్రమున కరగి నీటి ఆమ్లగుణమును హెచ్చించుచున్నది. గవ్వ గుల్ల సున్నపు పదార్థముతో కట్టబడునది. అట్టి నీటిలో సున్నపు గుల్లలు కట్టుకొను జీవులకు ఆ పని కష్టతరమగును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో అనేక సముద్రపు గుల్లల జాతులను చేర్చిరి. వాటిలో కొన్ని గవ్వ జాతులును కలవు. కావున సముద్రతీరమునకు విహారయాత్ర పోవు విద్యార్థులు, బ్రతికియున్న గుల్లలను ఏరి తెచ్చుట మానవలయును. రాయిని తిరుగవేసి చూచినచో, చూచిన పిమ్మట మరల యథాస్థానమున ఉంచవలయును. ఆ రాతి క్రింద ఒక తల్లి తన గ్రుడ్లను కప్పుకొని ఉండవచ్చును.

ముగింపు

గవ్వ తన విలువను తాను ఎన్నడును నిర్ణయించుకొనలేదు. మాల్దీవులలో దీనారునకు నాలుగు లక్షలై, మాలీలో వెయ్యిన్నూట యాబదియై, సిల్హెట్‌లో శిస్తై, ఖుర్దాలో చెల్లని చిల్లరయై, మన నాలుకలపై తిట్టైనది. ఇన్ని మారినను ఆ జీవి మాత్రము, రాతి క్రింద నాచు తినుచు, తన ఇంటికి తానే మెరుగు పెట్టుకొనుచు, లక్షల ఏండ్లుగా బ్రతికినట్లే బ్రతుకుచున్నది. వెల వేరు, విలువ వేరు. వెల సంత కట్టునది. విలువ అట్టిది కాదు.

మనుషులకును ఒకరు ఒక వెల కట్టుదురు. పరీక్ష తప్పినవానిని, పేదవానిని, మన భాష రానివానిని “గవ్వకు కొరగాడు” అనియో, “దో కౌడీ కా” అనియో అనుట ఎంత సులభము! విద్యార్థి సోదర సోదరీమణులారా, ఆ మాట నోటికి వచ్చునప్పుడు ఒక్క క్షణము ఆగి, ఆ గవ్వ కథను తలచుకొనుడు. నిజముగా మనిషికి గవ్వలతో వెల కట్టిన కాలము ఒకటి ఉండెను. అది తిరిగి రాకూడదు, మాటలో సైతము.

అభ్యాసము

1. లీలావతి లెక్క ప్రకారము 3 ద్రమ్మములు, 5 పణములు, 2 కాకిణులకు ఎన్ని గవ్వలు?

2. ఒక గవ్వ పెరిగినదో, పిల్లయో దాని పొడవును కొలువకయే ఎట్లు చెప్పగలరు?

3. నాణెమునకు కావలసిన గుణములలో గవ్వకు ఉన్నవి ఏవి? చివరకు అది ఏ గుణమును కోల్పోయినది? ఏల?

4. మీ ఇంటి పెద్దలను అడిగి, గవ్వను గూర్చిన తెలుగు సామెతలను, ఉర్దూ ముహావరాలను సేకరించి, వాటి అర్థములను పోల్చుడు.